చీటీ మీద పేరు

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈవేళ నేను చెప్పబోయేది వంట గురించి కాదు, పొదుపు గురించీ కాదు. ఒక పాటకచేరీ గురించి. "ఇంత వయసొచ్చాక పాటకచేరీలేమిటి, ఇంట్లో పని లేదా?" అని మీలో ఎవరికైనా అనిపిస్తే తప్పు పట్టను. నాలుగు నెలల కిందట నేనూ సరిగ్గా ఆ మాటే అన్నాను. అన్నది పరాయివాళ్ళని కాదు, మా అత్తగార్ని. అంచేత ఈ ప్రసంగం కొంత కచేరీ ముచ్చటా, కొంత నా తప్పు నేను ఒప్పుకోవడమూను.

మాది కామవరపుకోట. ఏలూరుకి ఉత్తరాన మెట్ట ప్రాంతం. మామిడి, జీడిమామిడి, పామాయిలు తోటలు. గుంటుపల్లి బౌద్ధ గుహలు మా మండలంలోనివే. మా అత్తగారి పుట్టిల్లు మాత్రం కొల్లేటి లంకల్లో. చుట్టూ నీళ్ళు, తాటిదోనెలు, పిట్టలు. పెళ్ళయి మా ఊరు వచ్చిన కొత్తలో ఎటు చూసినా ఎర్రనేలేనట. "నీళ్ళలోంచి తీసి గట్టున పడేశారమ్మాయ్ నన్ను" అంటారు నవ్వుతూ. ఆవిడకి ఇప్పుడు అరవై ఏడు నిండాయి. మావగారు పోయి రెండేళ్ళు కాలేదు.

మా అక్క ఏలూరు పవర్‌పేటలో ఉంటుంది. ఒక రోజు ఫోనులో కబురు పెట్టింది. ఫలానా తేదీన ఒక కల్యాణమండపంలో డెబ్భైల నాటి సినిమా పాటల కచేరీ, అందరూ రావచ్చునని. నేను ఆ కబురు పైకి చదివాను, ఏదో ధర చదివినట్టు. అత్తయ్యగారు చేటలో బియ్యం చూస్తున్నారు. చెయ్యి ఆగింది.

"టిక్కెట్టా?" అన్నారు.

"ఉచితమేనటండీ."

"ఎన్నింటికిట?"

"సాయంత్రం ఆరున్నరకి."

మళ్ళీ రెండు రాళ్ళు ఏరి, "బస్సుకి డబ్బులెలాగూ అక్కర్లేదు కదా" అన్నారు. నిజమే. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టిక్కెట్టు ఇస్తాడు.

అప్పుడు నేనన్న మాట మీకు ముందే చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. బియ్యం చూసేసి, చేట గోడకి ఆనించి, లోపలికి వెళ్ళిపోయారు. మాకు అలవాటైన మౌనమే. మా ఇంట్లో ఏదైనా కావాలని ఆవిడ రెండోసారి అడగరు. ఒక్కసారి అడిగి ఊరుకుంటారు. ఆ ఒక్కసారి మనం వినాలి, అంతే.

ఆ రాత్రి కూరకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. తరుగుతూ తరుగుతూ కత్తి ఆపేశాను. ఉల్లిపాయలతో నాకొక పాత బాకీ ఉంది.

2014లో మేము ఇంటికి రంగులు వేయించాం. అటక మీద సామాను దింపితే ఒక పాత టేపురికార్డరు, అట్టపెట్టె నిండా క్యాసెట్లు బయటపడ్డాయి. అరవై దాకా ఉంటాయి. టేపురికార్డరు పాడైపోయి చాలా కాలమైంది. కొన్ని క్యాసెట్లలో రీలు బయటకొచ్చి వేలాడుతోంది. వీధిలో పాత ప్లాస్టిక్కు సామానుకి ఉల్లిపాయలిచ్చే బండి వచ్చింది. నేను ఎవరినీ అడక్కుండా పెట్టె తీసుకెళ్ళి బండిలో పోశాను. తాడేపల్లిగూడెం మార్కెట్టు ఉల్లిపాయలు, ఎర్రగా గట్టిగా ఉన్నాయి. రెండు కేజీల పైచిలుకు వచ్చాయి. మంచి బేరం చేశానని మురిసిపోయాను కూడా. ఆ సాయంత్రం అత్తయ్యగారు ఆ ఉల్లిపాయలతోనే పులుసు పెట్టారు. ఒక్క మాట అనలేదు. అంచేత అందులో అనాల్సిందేమీ లేదనుకున్నాను, పదకొండేళ్ళ పాటు.

ఆ రాత్రి ఉల్లిపాయలు పక్కకి నెట్టి, ఆవిడ గదిలోకి వెళ్ళి "అత్తయ్యగారూ, కచేరీకి వెళ్దామండీ. రాత్రికి అక్కావాళ్ళింట్లో పడుకుని పొద్దున్నే వచ్చేద్దాం" అన్నాను.

"అబ్బాయి ఏమంటాడో" అన్నారు.

అబ్బాయి, అంటే మావారు, మంచు అన్నారు, మోకాళ్ళు అన్నారు, టీవీలో అవే పాటలు వస్తాయి కదా అన్నారు. అసలు మాట చివర్న వచ్చింది. "నాన్నగారు పోయి రెండేళ్ళు కాలేదు. అమ్మ పాటకచేరీకి వెళ్ళిందంటే నలుగురూ ఏమనుకుంటారు?" ఆ నలుగురిలో ఒకావిడ మా పక్కింటావిడే. మర్నాడు గోడ మీంచి అననే అంది. నాకు కోపం వచ్చింది. కాని ఒక మాట నిజం చెప్పాలి. మావారిని నేను ఒప్పించలేదు. అత్తయ్యగారే, "మీ నాన్న బతికుంటే ఆయనే తీసుకెళ్ళేవారురా" అన్నారు. ఆ మాటకి ఇక ఆయన మాట్లాడలేదు. ఆ మాట వెనక ఏముందో నాకూ అప్పటికి తెలీదు.

ఏలూరు చేరేసరికి అయిదైంది. అత్తయ్యగారు బూడిద రంగు నేతచీర కట్టుకుని, శాలువా కప్పుకుని, చేతిసంచీలో మంచినీళ్ళ సీసా, రెండు అరిసెలు పెట్టుకున్నారు. మేము తొందరగా వచ్చామనుకున్నాం. మాకన్నా ముందే సగం కుర్చీలు నిండిపోయాయి!

అక్కడికి వచ్చినవాళ్ళని మీరు చూడాలి. రిటైరైన మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, చేపల చెరువుల రైతులు, భీమడోలు నుంచీ తాడేపల్లిగూడెం నుంచీ రైల్లో దిగినవాళ్ళు. ఒకాయన చంకలో పాతకాలపు పాటల పుస్తకాల కట్ట పెట్టుకొచ్చారు. సినిమా హాలు బయట అమ్మేవారే, పల్చటి కాగితం మీద కథా సంగ్రహం, పాటలూ అచ్చువేసి, అవి. ఇంకొకాయన నోటుబుక్కులో సినిమా పేరు, సంవత్సరం, రాసిన కవి, సంగీత దర్శకుడు, పాడినవాళ్ళు అన్నీ గళ్ళు గీసి రాసుకున్నారు. కచేరీలో వ్యాఖ్యాత ఒక సంవత్సరం తప్పు చెబితే, ఆయన లేచి నిలబడి దిద్దారు. బడిలో పిల్లాడి తప్పు దిద్దినట్టే. ముందు వరసల్లో ఆడవాళ్ళు, అందరూ అరవై దాటినవాళ్ళు, తలలో మల్లెలతో. ముసలాయన ఒకాయన ఈల కూడా వేశారండీ. పక్కనున్న మనవరాలు సిగ్గుతో తల దించుకుంది.

మన దేశంలో పాప్ సంగీతమంటే వేరే పెద్దగా లేదు, సినిమా పాటే మన పాప్. ఇంగ్లీషు దేశాల్లో కుర్రకారు రికార్డులు కొనుక్కుని పాటగాళ్ళ వెనక పరిగెత్తుతుంటే, మనవాళ్ళు రేడియో దగ్గర చెవులు పెట్టుకు కూర్చున్నారు. అభిమానంలో మాత్రం తేడా లేదు. 1974లో యూరోవిజన్ పోటీ గెలిచి పేరు తెచ్చుకున్న స్వీడన్ బృందం అబ్బా కోసం, 2022 మే నెలలో లండన్‌లో ప్రత్యేకంగా ఒక హాలు కట్టి కచేరీ మొదలుపెట్టారు. దాదాపు మూడువేల మంది పడతారు. విచిత్రం ఏమిటంటే, ఆ నలుగురు పాటగాళ్ళూ వేదిక మీదికి రారు. డెబ్భైల్లో వాళ్ళెలా ఉండేవారో అలా కంప్యూటరుతో తయారుచేసిన బొమ్మలు పాడతాయి. వాద్యాలు వాయించేవాళ్ళు మాత్రం నిజం మనుషులు. దానికి నాయనమ్మలూ తాతయ్యలూ ఆనాటి మెరుపు బట్టలు వేసుకుని వెళ్ళి గంతులు వేశారు. మరి మన ముసలాయన ఈల వేస్తే తప్పేమిటి చెప్పండి?

ఏలూరు కచేరీలో బొమ్మలు లేవు. పాడినవాళ్ళు కూడా పేరున్నవాళ్ళు కారు. ఒకాయన బస్సు డిపోలో పని చేస్తారట. ఒకమ్మాయి ఇంజనీరింగు చదువుతోంది. ఒకప్పుడు ఆర్కెస్ట్రా అంటే హార్మోనియం, ఎకార్డియన్, మాండొలిన్, బొంగోలు, వయొలిన్లు, పదిహేను మంది దాకా ఉండేవారు. దసరా పందిళ్ళలోనూ, శ్రీరామనవమి పందిళ్ళలోనూ తెల్లవార్లూ పాడేవారు. ఇప్పుడు ఒక్క కీబోర్డులోనే అన్నీ పలుకుతున్నాయి. ఇక్కడ మాత్రం ఒకాయన మాండొలిన్ తెచ్చారు. పాలకొల్లు శ్రీనివాస్ పుట్టిన ప్రాంతం కదా, మాండొలిన్ అంటే మనవాళ్ళకి ప్రత్యేకమైన మమకారం.

ఘంటసాల పాటతో మొదలెట్టారు. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయినప్పుడు అత్తయ్యగారికి పదిహేనేళ్ళు. రేడియోలో ఆ కబురు విని వాళ్ళ నాన్నగారు చుట్ట ఆర్పేసి అలా అరుగు మీద కూర్చుండిపోయారట. "మా నాన్న కళ్ళు చెమర్చడం ఆ ఒక్కసారే చూశాను" అన్నారు అత్తయ్యగారు నా చెవిలో.

ఆ తరవాత బాలసుబ్రహ్మణ్యం వంతు. 1967లో వచ్చిన 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'తో ఆయన సినిమా పాట మొదలైంది. ఘంటసాల పోయాక ఆయన జాగా ఎవరిదన్న దాని మీద ఇళ్ళల్లో పోట్లాటలే జరిగాయట. ఒకరు బాలు అంటే, ఒకరు రామకృష్ణ అంటే, పెద్దవాళ్ళు "ఎవరూ కాదు, ఆ జాగా ఖాళీయే" అని కొట్టిపారేసేవారట. 1976లో 'అంతులేని కథ', 'సిరిసిరిమువ్వ', 1977లో 'అడవి రాముడు', 1978లో 'మరోచరిత్ర', 1980లో 'శంకరాభరణం' వచ్చేసరికి ఇక వాదన లేదు. 'శంకరాభరణం' పాటలకే ఆయనకి మొదటి జాతీయ అవార్డు వచ్చింది. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయినప్పుడు ఏడవని ఇల్లు మా వీధిలో లేదు. కరోనా రోజులు, ఎవరి గడపలో వాళ్ళం నిలబడే ఏడ్చాం.

'మరోచరిత్ర'లో పూర్తిగా సినిమా పేర్లతోనే అల్లిన పాట ఒకటుంది. అది మొదలవగానే హాల్లో వేళ్ళు కదిలాయి. ఎన్ని సినిమా పేర్లున్నాయో అందరూ లెక్కపెడుతున్నారు! మా వెనకావిడకి ఒక లెక్క వచ్చింది, వాళ్ళాయనకి మరో లెక్క. పాట అయిపోయినా ఆ తగవు అవలేదు. సుశీలగారి పాటలకైతే అసలు ఎవరూ మాట్లాడలేదు. ఆరుకి పైగా భాషల్లో 17,695 పాటలు పాడినట్టు 2016లో గిన్నిస్ పుస్తకం వాళ్ళు లెక్క తేల్చారు. విజయనగరంలో పుట్టిన తెలుగింటి ఆడపడుచు. ఆ ఇంజనీరింగు అమ్మాయి ఆవిడ పాట పాడుతుంటే అత్తయ్యగారి పెదవులు కదులుతున్నాయి. గొంతు మాత్రం బయటికి రావడం లేదు.

ఎనిమిదిన్నరకి, కోరిన పాటలు చీటీ మీద రాసి ఇవ్వండన్నారు. కుర్రవాళ్ళు కాగితం ముక్కలూ పెన్నులూ పంచారు. అత్తయ్యగారు కళ్ళజోడు సవరించుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని దానిమీద రాశారు. సినిమా పేరు, పాడినవాళ్ళ పేర్లు, పాట మొదటి మాట, కింద "కోరినవారు" అని పేరూ ఊరూ. అచ్చు రేడియోకి రాసినట్టే. నేను తొంగిచూశాను. పేరు ఆవిడది కాదు, వాళ్ళ తమ్ముడిది! ఊరు కామవరపుకోట కాదు, ఆవిడ పుట్టిన లంక!

నాకు ఒక్క క్షణం గుండె ఝల్లుమంది. ఆ వయసులో మతిమరుపు ఎలా మొదలవుతుందో విన్నాం కదా. మెల్లిగా, "ఇదేమిటండీ, మీ తమ్ముడిగారి పేరు రాశారు?" అన్నాను.

ఆవిడ చీటీ చూసుకున్నారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వారు. నేను కాపరానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ అంతలా నవ్వడం చూడలేదు.

సంగతి ఏమిటంటే, ఆ రోజుల్లో వాళ్ళింట్లో ఒక ట్రాన్సిస్టరు ఉండేది. రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సిన రోజులు. నాన్నగారు వార్తలు విని పొలం వెళ్ళగానే ఈవిడ సిలోను పెట్టేవారు. సిలోను రేడియోలో మీనాక్షీ పొన్నుదురైగారు తెలుగు పాటలు వేసేవారు కదా. మన వివిధభారతిలో జనరంజని. కార్డు ముక్క మీద పాట రాసి పంపితే, అదృష్టం బాగుంటే, పేరు చదివి పాట వేసేవారు. అందరూ కార్డులు రాసేవారు. ఈవిడకీ రాయాలని. కాని ఆడపిల్ల పేరు రేడియోలో వస్తే? "నా కూతురి పేరు ఊళ్ళమ్మట గాలిలో తిరుగుతుందా?" అని వాళ్ళ నాన్న, ఇంకెవరింటి పిల్ల పేరో వచ్చినప్పుడు అన్నారట. అంచేత ఈవిడ ఎనిమిదేళ్ళ తమ్ముడి పేరుతో కార్డు రాసేవారు. వాడికి బెల్లంముక్క లంచమిస్తే, దోనెలో అవతలి ఒడ్డుకి వెళ్ళేవాళ్ళ చేతికి కార్డిచ్చి పోస్టు చేయించేవాడు.

రెండేళ్ళలో పదకొండు కార్డులు రాస్తే రెండుసార్లు చదివారట. మొదటిసారి ఇంట్లో ఎవరూ లేరు. రెండోసారి నాన్నగారు అన్నం తింటున్నారు. రేడియోలో కొడుకు పేరు వినబడింది. ఆయన ఎంగిలిచేత్తోనే లేచి వీధిలోకి వెళ్ళి, "మావాడి పేరు రేడియోలో చెప్పారు" అని నలుగురికీ చెప్పారట. ఎనిమిదేళ్ళకే వాడికి ఇంత సంగీతజ్ఞానమా అని పొంగిపోయి, ఆ వారం సంతలో వాడికి చొక్కాగుడ్డ తెచ్చారు.

"మరి మీకేం తెచ్చారండీ?" అన్నాను.

"నాకేం తెస్తారు? నేనేం చేశానని?" అన్నారు అత్తయ్యగారు, ఇంకా నవ్వుతూనే.

నాకు నవ్వు రాలేదు. "అది కొట్టేసి మీ పేరు రాయండి" అన్నాను. ఆవిడ పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించారు. తమ్ముడి పేరు కొట్టెయ్యలేదు. దాని కింద "మరియు" అని రాసి, తన పేరు రాశారు. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. చీటీ ఆ కుర్రవాడి చేతికిచ్చి, అది వేదిక మీదికి చేరేదాకా చూస్తూనే ఉన్నారు.

మీరిప్పుడు ఆ పాట వేశారనీ, ఆవిడ పేరు మైకులో చెప్పారనీ, హాలంతా చప్పట్లు కొట్టిందనీ అనుకుంటున్నారు కదూ? అలా జరగలేదు. రాత్రి పది దాటితే మైకులు ఆపాలని నియమం. ఒక్కొక్క చీటీ తీసి చదువుతున్నారు, పాడుతున్నారు. ప్రతి చీటీకీ అత్తయ్యగారు కొంచెం ముందుకి వంగుతున్నారు. పదికి అయిదు నిమిషాలుందనగా వ్యాఖ్యాత చేతులు జోడించి, ఇంకా నలభై చీటీలు ఉండిపోయాయి, క్షమించాలి అన్నాడు. మంగళం పాడేశారు.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. లేచి వేదిక దగ్గరికి వెళ్ళబోతుంటే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపారు. "కూర్చో అమ్మాయ్. పదకొండింట్లో రెండే వచ్చాయని చెప్పానా? కార్డు పోస్టు చేశాక పదిహేను రోజులూ చెవి రేడియోకి అంటించి ఉండేదాన్ని. ఆ రోజులే బాగుండేవి."

పొద్దున్నే ఏడింటి బస్సెక్కాం. కిటికీ పక్కన ఆవిడ, ఇవతల నేను. ఊరు దాటగానే నేను క్యాసెట్ల సంగతి ఎత్తాను. అప్పటికి ఎన్నిసార్లు గొంతుదాకా వచ్చిందో. "అత్తయ్యగారూ, ఆ రోజు నేను మీ క్యాసెట్లు ఉల్లిపాయలకి వేసేశాను. మిమ్మల్ని అడగలేదు" అన్నాను.

"తెలుసు కదమ్మా" అన్నారు. "మంచి ఉల్లిపాయలే."

నేను తల దించుకున్నాను. కాసేపటికి ఆవిడే అన్నారు: "పాటలదేముంది, ఎక్కడైనా దొరుకుతాయి. నీ ఫోన్లోనే ఉన్నాయి. ఆ అట్టల మీద మీ మావగారి రాత ఉండేది."

అప్పుడు తెలిసింది నాకు. పెళ్ళయిన కొత్తలో ఈవిడ పాటల సరదా ఆయన కనిపెట్టారట. ఏలూరులో ఖాళీ క్యాసెట్టు ఇచ్చి, కావలసిన పాటల జాబితా ఇస్తే, రికార్డు చేసిచ్చే కొట్లుండేవి. మావగారు పురుగుమందులకో, విత్తనాలకో ఏలూరు వెళ్ళినప్పుడల్లా ఒక జాబితా పట్టుకెళ్ళేవారు. రికార్డయి వచ్చాక, ఇంటికొచ్చి దీపం ముందు కూర్చుని, అట్ట మీద పాటలన్నీ వరసగా తన చేత్తో రాసేవారు. పైన మాత్రం ఈవిడ పేరు రాసేవారట. అరవై క్యాసెట్ల మీదా అరవైసార్లు. ఆవిడ పేరు ఎక్కడైనా రాసి ఉందంటే అక్కడే. రేడియో వాళ్ళు చదవని పేరు ఆయన రాశారు. నేను దాన్ని రెండు కేజీల ఉల్లిపాయలకి అమ్మేశాను.

దానికి నా దగ్గర జవాబు లేదు. మామూలుగా ఇలాంటి ప్రసంగాల్లో చివరికి ఏదో ఒక దారి చెబుతాం. పోయిన వస్తువు తిరిగి తెచ్చే దారి నాకు తెలీదు. కామవరపుకోట వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆవిడ చెయ్యి మాత్రం నా చేతి మీదే ఉంది.

బస్సు దిగగానే వాళ్ళ తమ్ముడిగారికి ఫోను చేసి చీటీ సంగతి చెప్పారు. అవతల్నుంచి ఆయన, "నీలం రంగు చొక్కా అక్కా, జేబు కూడా ఉండేది" అన్నారట. యాభై ఏళ్ళ కిందటి చొక్కా!

సోదరీమణులారా, పదేళ్ళకీ ముప్ఫై ఏళ్ళకీ మధ్య విన్నవీ చూసినవీ మనిషికి జీవితాంతం గట్టిగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్ళు చెబుతారు. మన ఇళ్ళల్లో ఉన్న అత్తగార్లకీ, అమ్మలకీ ఆ వయసు డెబ్భైల్లో గడిచింది. వాళ్ళకి పాట అంటే ఒట్టి కాలక్షేపం కాదు. అప్పుడు తాము ఎవరో, ఏం కోరుకున్నారో గుర్తుచేసే గుడి లాంటిది. మనం ఆ వయసులో టీవీలో 'పాడుతా తీయగా' చూసుకున్నాం, ఎవరూ వద్దనలేదు. వాళ్ళకి రేడియో చెవి దగ్గర పెట్టుకోవడానికి కూడా నాన్న పొలం వెళ్ళాల్సి వచ్చింది.

అంచేత నేను నేర్చుకున్న నాలుగు మాటలు మీకు చెబుతాను.

మీ ఊళ్ళో ఇలాంటి కచేరీ జరుగుతుంటే పెద్దవాళ్ళని తీసుకెళ్ళండి. గంట ముందుగా వెళ్ళి, పక్క వరసలో, చివరి కుర్చీ పట్టుకోండి. మధ్యలో లేచి వెళ్ళడానికి తేలిగ్గా ఉంటుంది. బాత్రూము ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి, లేకపోతే వాళ్ళు మంచినీళ్ళు తాగడం మానేస్తారు. పెద్ద స్పీకర్ల పక్కన కూర్చోబెట్టకండి. శాలువా, వేళకి వేసుకునే మాత్రలు మరిచిపోకండి. రాత్రి తిరుగు ప్రయాణం పెట్టుకోకుండా దగ్గరి చుట్టాలింట్లో ఉండిపోతే మంచిది.

భర్త పోయినావిడ పాట వినడానికి వెళ్ళిందని ఎవరైనా అంటే, మీరు జవాబు చెప్పండి. ఆవిడ చేత చెప్పించకండి. అది నేను చెయ్యలేకపోయాను, ఆవిడే చెప్పుకోవలసి వచ్చింది.

ఇంట్లో పాత సామాను పారేసే ముందు, అది ఎంత పనికిమాలినదిగా కనిపించినా, ఇది ఎవరిది అని ఒక్కమాట అడగండి. అట్ట తిప్పి చూడండి. దానిమీద ఎవరి రాత ఉందో.

నాలుగోది, అడగడం. మీరు చిన్నప్పుడు రేడియోకి కార్డు రాశారా అని మీ అత్తగార్ని అడిగి చూడండి. ఎవరి పేరుతో రాశారో అది కూడా అడగండి.

ఈ ప్రసంగం రాసుకుని, ముందు అత్తయ్యగారికే చదివి వినిపించాను. "మీ సంగతే కదండీ. మీ పేరు చెప్పమంటారా రేడియోలో? ఇన్నాళ్ళకి మీ పేరు వస్తుంది" అన్నాను.

ఆవిడ చాలాసేపు ఆలోచించారు. ఆ తరవాత తల అడ్డంగా ఊపి, "వద్దులే అమ్మాయ్, మా నాన్న వింటారు" అన్నారు.

వాళ్ళ నాన్నగారు పోయి ముప్ఫై ఎనిమిదేళ్ళయింది.